మా బిడ్డ వేలికే తెరుచుకునే ఫోన్

ఫోన్లల్ల పిల్లలకు అపాయమున్నదన్న సంగతి మా ఇంటికి మొదట తెచ్చింది కామారెడ్డిల ఉండే మా వదినె, మా అన్న భార్య. ఫోన్ల చెప్పే ముచ్చట కాదని పనిగట్టుకొని బస్సెక్కి ఎల్లారెడ్డికి వచ్చి చెప్పింది. ఆమె మేలు నేను మర్చిపోను.

మేమప్పుడు వసారల కూచుని బీడీలు చేస్తున్నం. మేమంటే నేను, మా అత్తమ్మ. ఒళ్లల్ల చాటలు, చాటలల్ల తమాకు, పక్కన తడిగుడ్డల చుట్టిన తునికాకు. వదినె చెప్పులన్నా విడవకుండ షురూ చేసింది.

"మా పిల్లల బడిల మీటింగ్ పెట్టిండ్రే. పోలీసులొచ్చి చెప్పిండ్రు. మేం ఆడపిల్లలమే అనుకుంట మొగోళ్లు ఫోన్ల సోపతి చేస్తున్నరట. ఫోటోలడుగుతరట. పంపినంక బెదిరిస్తరట. ఇన్నకాడికెల్లి నాకు అన్నం సయిస్తలేదు."

అన్నం సయిస్తలేదని చెప్పుకుంటనే చేతుల ఉన్న ఫోన్ల ఏదో చూసి ఫక్కున నవ్వింది. మళ్ల మొఖం గంభీరంగ పెట్టుకున్నది.

మా ఇంటాయన ఆ రోజు ఇంట్లనే ఉన్నడు. ఆయన స్టీలు గిన్నెలమ్ముతడు. లింగంపేటల అంగడుంటె లింగంపేటకు, నస్రుల్లాబాద్‌ల ఉంటె అక్కడికి, మూటలు బండికి కట్టుకొని పోతడు. చాయ తాగుడు ఆపి, ఎవరి మొఖం చూడకుండ ఒక్కటే మాటన్నడు.

"మన ఇంట్ల గిసుంటిది ఏదన్న అయ్యిందనుకో, ఫోనుతోని పాటు బడి గూడ బంద్. ఇప్పుడే చెప్తున్న."

మా బిడ్డ తలుపు చాటున జడేసుకుంటున్నది. ఎనిమిదో తరగతి. ఆ మాట దాని చెవుల పడ్డదని జడేసే చెయ్యి ఆగినప్పుడు తెలిసింది. మేం సంతోషపడ్డం. పిల్లకు భయం పట్టుకున్నది, ఇగ భద్రమే అనుకున్నం.

నాకు మాత్రం ఆ బంద్ అన్న మాట నచ్చలే. నేను బడి గడప తొక్కలే. మా బాపు ఇంట్లనే, గచ్చు మీద బొగ్గుతోని అక్షరాలు రాసి నాతోని దిద్దిచ్చిండు. బీడీలు చేసుకుంట చదువుకున్న, చదువుకుంట బీడీలు చేసిన. దేవుడు నాకు తక్కువేం చెయ్యలే. కాని పొద్దున దీపం పెట్టి నేనడిగేది ఎప్పుడూ ఒక్కటే: నా బిడ్డ బడి ఆగొద్దు.

వదినె ఒట్టిగ వార్త చెప్పి పోయేది కాదు. మా ఇంటి ఫోన్‌కు తాళం పెట్టింది. వేలు పెడితేనే తెరుచుకునే తాళం. "నీ బొటనవేలు ఇటియ్యి" అన్నది. ఇచ్చిన. మళ్ల పెట్టమన్నది ఫోను. పెట్టిన. తుడుచుకొని పెట్టమన్నది. తుడుచుకొని పెట్టిన. ఇన్నేండ్లు తునికాకు చుట్టి చుట్టి నా వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయినయి. రేషన్ దుకాణంల గూడ నా వేలు పడదు, కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంట.

అత్తమ్మ తన వేలు గూడ చాపింది. అదీ పడలే.

"మన వేళ్లు సర్కారుకే పనికి రావు, ఇగ దీనికేం పనికొస్తయే" అని ఆమె మళ్ల ఆకు అందుకున్నది.

ఇంటాయన వేలు పెడుదామంటె, తెల్లారితె తన ఫోన్ పట్టుకొని అంగడికి పోయే మనిషి. ఫోనేమో ఇంట్ల ఉండాల్నాయె. వదినె కొంచెంసేపు ఆలోచన చేసింది. "ఇప్పటికైతె పిల్ల వేలే పెడ్త. తర్వాత చూద్దాం" అన్నది. వేలుతోని పాటు ఒక నంబరు గూడ పెట్టాల్నంట. అదీ పెట్టింది, పిల్లకు చెప్పింది, లింగంపేట దాటకముందే తను మర్చిపోయింది.

అట్ల, మా బిడ్డను ఫోన్ నుంచి కాపాడటానికి పెట్టిన తాళం మా బిడ్డ వేలికే తెరుచుకునేది. మాకెవ్వరికీ ఇందుల తప్పు కనపడలే. తాళం అయితె పడ్డది గదా.

ఆనాటి నుంచి ఇంట్ల పెద్దలకు ఫోన్ కావాలంటె పిల్లను బతిమాలుకునుడే. "బిడ్డా, జర తెరువు." అది తెరిచిచ్చి ఊకె పోయేది కాదు, పక్కనే నిలబడేది. అత్తమ్మకు ఒక అలవాటుండె. ఫోన్ల ఏ స్వామి కనపడ్డా, పూజ చేపిస్తమంటె చాలు, ఇంటిల్లిపాది పేర్లు గోత్రాలు చెప్పి పంపించేది. "నానమ్మా, ఆయనెవరో తెల్వకుండ మన పేర్లెందుకు పంపుతవు" అని పిల్ల చెయ్యి పట్టుకునేది. ఇంటాయనకు బండి గెలుచుకున్నరని ఏదో వస్తె, "బాపూ, అది ఒత్తకు, బ్యాంకుల పైసలు పోతయి" అనేది. ఇంటర్నెట్ల భద్రం ఎట్లుండాలెనో మా ఇంట్ల అందరం మంచిగనే నేర్చుకుంటున్నం. నేర్పేది ఎవరు, నేర్చుకునేది ఎవరు అన్నదే కొంచెం తలకిందులైంది.

మా బిడ్డ పాట పాడుతది. గొంతు దేవుడిచ్చిండు. వదినె తన ఫోన్ల ఒక భజన గ్రూపు నడిపిస్తది. ఎవరన్నా చేరొచ్చు. "పుణ్యమొస్తది, అందరికి పంపుండ్రి" అని వదినెనే ఊరూరికి ఆ గ్రూపు లింకు పంచిపెట్టింది. శుక్రవారం శుక్రవారం మా బిడ్డ పాడితె అది గ్రూపులకు పోయేది. కింద దండాలు, పూలు, దీపాలు వచ్చి పడేవి. పెట్టెటోళ్లందరి పేరు పక్కన ఏదో ఒక దేవుని బొమ్మ. దేవుని బొమ్మ పెట్టుకున్నోళ్లను అనుమానించే అలవాటు మాకు లేదు.

ఇంకొకటి గూడ చెప్పాలె. ఆ యేడు బిడ్డ తరగతిల మొదటొచ్చింది. ఇంటాయనకు సంబురం పట్టలే. పుట్టినరోజు కలిసొచ్చిందని చౌరస్తల ఫ్లెక్సీ కట్టించిండు. బతుకమ్మ నాడు పట్టులంగల దిగిన ఫోటో, తలుపంత పెద్దగ. పూర్తి పేరు, తరగతి, బడి పేరు. అడుగున ఆయన ఫోన్ నంబరు, స్టీలు సామాన్లు అగ్గువకు దొరుకునని. ఊరంత చూసింది. గాలికి అది ఒకపక్క తెగినంక అత్తమ్మ పోయి ఇప్పుకొచ్చి తునికాకు మూటల మీద కప్పింది. మంచి మందంగ ఉన్నది, ఆకు ఎండకుండ కాపాడుతది.

ఎండకాలం సెలవులకు పిల్ల కామారెడ్డికి, వదినె ఇంటికి పోయింది. ఫోన్ ఎల్లారెడ్డిలనే ఉన్నది. "మా ఇంట్ల ఫోన్లకు కరువా" అని వదినె తీసుకపోనియ్యలే. పిల్ల పోయింది, వేలు గూడ పోయింది. ఫోన్ గూట్ల పడి ఉన్నది.

ఒక పగటిపూట బీడీలు చేస్తుంటె గూట్ల ఫోన్ టింగుమన్నది. మళ్లొకసారి. అంగడి కాడికెల్లి ఇంటాయనేమో అని లేచి చూసిన. తాళం పడి ఉన్నా, అద్దం మీద మాటలు కనపడుతున్నయి. తెలుగుల ఉన్నయి. మా బాపు బొగ్గుముక్కకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువనే.

"చెల్లీ, పాటల పోటీకి నీ పేరే ముందున్నది."

దాని కింద: "ఇంకో ఫోటో కావాలి. ఇంట్లో ఒక్కదానివే ఉన్నప్పుడు తలుపేసుకొని తియ్యి. ఎట్లా తియ్యాలో నేను చెప్తా."

దాని కింద: "అయ్యేదాకా ఎవరికీ చెప్పకు. చెప్తే దిష్టి తగులుతది."

పక్కన ఒక అమ్మవారి బొమ్మ.

గట్టిగ చదివిన. అత్తమ్మ చేతుల బీడీ ఇప్పుకపోయింది. తమాకంత ఒళ్లె పడ్డది. "ఇంకో ఫోటో అంటె, ఒకటి పోయిందనే గదనే" అన్నది.

తెరుద్దామని చూసినం. నా వేలు పెట్టిన. ఆమె వేలు పెట్టింది. కొబ్బరినూనె రాసుకొని పెట్టింది. కొంగుతోని తుడిచి పెట్టింది. కొంతసేపటికి ఫోన్‌కు మా మీదనే అనుమానమొచ్చింది, చానసార్లు ప్రయత్నం చేసిండ్రు, ఆగుండ్రి అన్నది. పిల్లతోని తలుపేసుకొమ్మనెటోని మాటలు చక్కగ లోపలికి వచ్చి కూచున్నయి. కన్నతల్లి, నానమ్మ బయట నిలబడ్డరు. తాళం పనితనం మీద నాకప్పుడు మొదటిసారి అనుమానమొచ్చింది.

మళ్ల టింగుమన్నది.

"మాట్లాడవేంది? మీ బాపుకు నేనే చెప్పాల్నా?"

వాడెవడో గని, మా ఇంట్ల ఏ మాటకు పిల్ల భయపడుతదో వానికి ఎరుకైంది. బడి బంద్ అన్నది పిల్లే చెప్పుకున్నదో ఏమో. వాడు నిజంగ చెప్పినా, చెప్పక ఊకె బెదిరిచ్చినా, నా బిడ్డ బడి వాని చేతులకు పోయింది.

పక్కింటి ఫోనుతోని పిల్లకు చేసి తాళం నంబరు అడగొచ్చు. ఎందుకని పిల్ల అడిగితె ఏం చెప్పాలె? వెనకకెల్లి వదినె ఏం కేకలు పెడ్తది? నేనే పోత అన్న.

"వాడొచ్చి అడిగితె ఏం చెప్పను?" అన్నది అత్తమ్మ, కొడుకు గురించి.

"మా వదినెకు పానం బాగలేదని చెప్పు."

"మీ వదినెకా? గుండ్రాయి తీరు ఉంటది. ఎవడు నమ్ముతడే?"

ఫోన్‌ను దస్తీల చుట్టుకొని బస్సెక్కిన. ఆధార్ కార్డు చూపిస్తె కండక్టరు ఉత్తగనే టికెట్ ఇచ్చిండు. ఆడోళ్లకు బస్సు ఉచితం చేసినోళ్లు సల్లగుండాలె అనుకున్న. లింగంపేటల బస్సాగినప్పుడు ఒళ్ల ఫోన్ టింగుమన్నది. దాటినంక మళ్ల. నేను దస్తీ ఇప్పలే. నామజపం చేసుకుంట కూచున్న.

పక్క సీట్ల ముసలామె నవ్వింది. "ఎవరో నిన్ను బాగ యాది చేస్తున్నరు బిడ్డా."

"అవునవ్వా" అన్న.

కామారెడ్డిల వదినె నన్ను చూసి, "ఏందే, చెప్పకుండ చెయ్యకుండ?" అన్నది. పిల్ల మిద్దె మీద వడియాలు తిప్పేస్తున్నదట. నేను మెట్లెక్కి పైకి పోయిన. దస్తీ ఇప్పి ఫోన్ చూపెట్టగనే అది వడియాలు తిప్పుడు ఆపింది.

ఏమైందని అడగలే, ఎవరని అడగలే. "బడి బంద్ చేస్తరా అమ్మా?" అన్నది. అదే దాని మొదటి మాట.

నేను పక్కన కూచొని వడియాలు తిప్పుడు షురూ చేసిన. నాకు చేతుల పని లేకపోతె మాట రాదు. "ముందు తెరువు బిడ్డా. ఇద్దరం కలిసి చదువుదాం."

వేలు పెట్టింది. నేను కొబ్బరినూనెతోని గూడ తెరవలేని తలుపు చిటికెల తెరుచుకున్నది.

భజన గ్రూపుల పాట విని ఒక అక్క మాట్లాడిందట. నీ గొంతు బాగున్నది చెల్లీ అన్నదట. పాటల పోటీ ఉన్నది, ఫోటో కావాలె అన్నదట. పోయిన యేడు గెలిచిన పిల్ల అని ఒక ఫోటో గూడ పంపిందట. చూపెట్టింది. పసుపుపచ్చ ఓణి, వెనక సున్నం ఊడిన గోడ, నవ్వీ నవ్వని మొఖం. మా బిడ్డ ఈడుదే. ఆ పిల్లను చూసి మా బిడ్డ నమ్మింది. తన ఫోటో ఒకటి పంపింది. ఆ తర్వాతనే తలుపేసుకొని తియ్యమనే మాటలు మొదలైనయి. తియ్యలే. తియ్యనంటె, మీ బాపుకు చెప్త అని బెదిరింపు.

"నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తె దిష్టి తగులుతదన్నది."

"గట్లంటె నమ్మినవా?"

నా దిక్కు ఒక్కసారి చూసింది. "నీవు గూడ గట్లనే అంటవు గదమ్మా. ఈ కామారెడ్డి అత్తమ్మ కొత్త ఇల్లు కడుతున్నప్పుడు ఎవరికీ చెప్పొద్దంటివి. బాపు బండి కొనేదాక చెప్పొద్దంటివి. నేను మొదటొస్తనని సారు ముందుగాల చెప్పినప్పుడు, నోరు మూసుకో, దిష్టి తగులుతదంటివి."

వడియాలన్నీ తిప్పుడు అయిపోయినయి. ఎండినవాటిని గూడ మళ్ల తిప్పిన. మంచి సంగతి ఏదైనా అయ్యేదాక దాచిపెట్టుకోవాలె, అది మా ఇండ్లల్ల పాలతోని పాటు తాపే బుద్ధి. వాడు దాన్ని కష్టపడి నేర్పాల్సిన పని లేకుండె. మేం నేర్పి పెట్టినం, వాడొచ్చి వాడుకున్నడు.

కిందికి దిగి వదినెకు చెప్పిన. ఆమె ఆ అమ్మవారి బొమ్మ చూసి, "ఈమెనా! రోజు పొద్దున గ్రూపుల అందరికంటె ముందు దండం పెట్టేది ఈమెనే. ఎంత భక్తి అనుకున్ననే" అన్నది. అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఆమె చేతిల ఫోన్ మంచం మీద పెట్టి మర్చిపోవుడు నేను అప్పుడే చూసిన. ఆమె మంచిది. తిట్టలే, కేకలెయ్యలే. చీర మార్చుకొని, "నడువు, బడిల మీటింగ్ పెట్టినప్పుడు ఠాణల ఒక మేడమ్ ఉంటదని చెప్పిండ్రు" అన్నది. ఆనాడు బస్సెక్కి తెచ్చిన వార్త ఇట్ల అక్కరకొచ్చింది.

ఠాణల మేడమ్ మా బిడ్డకు కుర్చీ వేసింది. "నీ తప్పేం లేదు బిడ్డా" అన్నది ముందు. ఆ తర్వాత మా దిక్కు తిరిగి, "వచ్చిన మెసేజులు తుడిచెయ్యలేదు గదా? మంచి పని చేసిండ్రు" అన్నది.

"తుడుద్దామంటె తెరుచుకుంటె గదా మేడమ్" అన్న.

ఆమెకు అర్థం కాలే. నా వేళ్లు చూపిస్తె నవ్వింది. చూస్తాం, వాని గురించి వెతుకుతాం, ఇగ జవాబియ్యకుండ్రి అని చెప్పింది. పసుపుపచ్చ ఓణి పిల్ల ఫోటో కాడ మాత్రం నవ్వు ఆపింది. "ఈ పిల్ల గూడ నీ లెక్కనే పంపి ఉంటది. ఆ ఫోటోనే ఇప్పుడు నీకు చూపెట్టిండు. ఎవరి బిడ్డో, ఏ ఊరో" అన్నది.

పిల్లను తీసుకొని పొద్దు గూకక ముందే ఎల్లారెడ్డికి వచ్చిన. వసారల ఇంటాయన కూచొని ఉన్నడు. అత్తమ్మ నా మొఖం చూడకుండ ఆకు కత్తిరిస్తున్నది. వదినెకు పానం బాగలేదన్న అబద్ధం ఆమె నోట్లె ఒక్క పూట గూడ ఆగలేదని అర్థమైంది.

"ఫోటో పంపిందట?" అన్నడు ఆయన. గొంతు పెద్దగ లేదు. అదే భయం.

పిల్ల నా వెనకకు జరిగింది. నేను దాని చెయ్యి పట్టుకున్న.

"బడి బంద్ అని ముందే చెప్పిన్నా లేదా?"

"ఏ ఫోటో బిడ్డా నువ్వు పంపింది?" అన్నది అత్తమ్మ, కత్తెర ఆపకుండనే.

"బతుకమ్మ నాటిది నానమ్మా. పట్టులంగది."

అత్తమ్మ మోకాళ్లు పట్టుకుంట లేచింది. తునికాకు మూటల మీదికెల్లి ఫ్లెక్సీని గుంజి, దుమ్ము దులిపి, కొడుకు ముందట పరిచింది.

"ఇదేనా?"

"ఆఁ" అన్నది పిల్ల.

"పోరి ఒక్కనికి పంపిందిరా. నువ్వు చౌరస్తల కట్టినవు. బడి పేరు పోరి చెప్పలే, నువ్వు రాపిచ్చినవు. ఇగ చెప్పు, ఎవరి బడి బంద్ చేద్దాం? నీకైతె బడే లేకపాయె."

ఆయన కిందికి చూసిండు. ఫ్లెక్సీల బిడ్డ పాదాల కాడ ఆయన ఫోన్ నంబరు, స్టీలు సామాన్లు అగ్గువకు దొరుకునని.

"దీన్ని ఇంకా చింపలేదా?" అన్నడు.

"ఆకు ఎండుతదని కప్పిన."

తర్వాత అత్తమ్మ పిల్లను దగ్గరికి గుంజుకున్నది. "ఇను బిడ్డా. ఎవడన్న చెప్పకు అంటె, గది ముందు చెప్పాలె. దిష్టి తగిలితె నేను తీస్త. ఇంట్ల మిరపకాయలున్నయి, ఉప్పున్నది, పొయ్యి ఉన్నది. నువ్వైతె చెప్పు."

ఇంటాయన లేచి ఫ్లెక్సీని మడత పెట్టిండు. బిడ్డ మొఖం మీద మడత పడకుండ మెల్లగ, ఒక్కొక్క పక్క. మా దిక్కు చూడకుండనే అడిగిండు: "బడి ఎప్పుడు తెరుస్తరు?"

నేను లోపలికి పోయి దీపం పెట్టిన.

ఇప్పుడు బిడ్డ తొమ్మిదో తరగతి చదువుతున్నది. తునికాకు మూటల మీద పాత చీర కప్పుతున్నం. వదినె భజన గ్రూపుల ఇప్పుడు ఎరికైనోళ్లే ఉన్నరు. ఎవరన్న కొత్తోళ్లు చేరుతనంటె ఆమె అడిగే ప్రశ్నలకు భక్తి కొంత తగ్గింది గని, పాటలు మంచిగనే వస్తున్నయి. ఫోన్ తాళం మార్చుదామని మళ్ల కూచున్నం. నా వేలు మళ్ల పడలే. అత్తమ్మదీ పడలే. కాబట్టి ఇప్పటికీ అది మా బిడ్డ వేలికే తెరుచుకుంటది. తెరిచి బీడీల చాట పక్కన పెడ్తది, నా పక్కన కూచొని చూస్తది. వచ్చింది చదివి వినిపిస్తది. అందుల సగం నాకర్థం కాదు, అయినా వింట. అరిగిపోయిన వేళ్లకు, అద్దం మీద మాటలు కనపడనిచ్చిన ఆ ఫోన్‌కు, తిట్టని వదినెకు, కుర్చీ వేసిన మేడమ్‌కు, అబద్ధం దాచలేని మా అత్తమ్మకు, రోజు పేరుపేరున దండం పెట్టుకుంట.

వాడు దొరకలే. ఆ అమ్మవారి బొమ్మ ఆనాటి నుంచి మళ్ల కనపడలే. వదినె ఠాణ దిక్కు పోయినప్పుడల్ల, పసుపుపచ్చ ఓణి పిల్ల సంగతి అడగమంట. ఏం తెల్వలేదని వస్తది. మా బిడ్డ ఫోటో గూడ ఇంకో పిల్లకు చూపెట్టిండో ఏమో, ఆ ఆలోచన వచ్చిన రోజు బీడీ చుట్టబుద్ధి కాదు.

ఇది చదివినోళ్లను నేను ఒక్కటే అడుగుత. మీరు ఏ దేవునికి మొక్కినా, ఎట్ల మొక్కినా, మీ పిల్లల పేర్లు తలుసుకున్నంక ఆ పిల్లను గూడ ఒకసారి తలుసుకోండ్రి. పేరు తెల్వది, గోత్రం తెల్వది. పసుపుపచ్చ ఓణి వేసుకున్నది. వెనక గోడకు సున్నం ఊడింది. ఫోటో తీసేటప్పుడు ఎవరో నవ్వమని చెప్తే, నవ్వాల్నా వద్దా అని చూస్తున్నట్టున్నది. ఆమెకు గూడ ఇంట్ల, నువ్వైతె చెప్పు అనేటోళ్లు ఒకరుండాలె అని కోరుకోండ్రి.